మూడు ఓడలు, ఒక పార

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. పెద్దలను పేరుపేరునా తలచుకోవాలి. కానీ ఇచ్చింది పదిహేను నిమిషాలు, భోజనాలు చల్లారిపోతాయి. మన్నించండి.

జర్మనీ జిల్లాల చిహ్నాల గురించి మాట్లాడమన్నారు. ఇక్కడ దాదాపు 300 జిల్లాలున్నాయి, అన్నీ నావల్ల కాదు. నేను కాపురముంటున్న ఒక్క జిల్లా గురించే చెబుతాను. నోర్డ్‌ఫ్రీస్‌లాండ్. హూజుమ్ దాని ముఖ్యపట్టణం. పైన డెన్మార్క్, పడమర ఉత్తర సముద్రం.

వచ్చిన కొత్తలో వీసా పొడిగింపు కోసం ఒక ఆఫీసు ముందు నిలబడి ఉన్నాను. ఎదురుగా ఈ జిల్లా జెండా ఎగురుతోంది. నీలం మీద మూడు ఓడలు. గాలికి గుడ్డ విచ్చుకున్నప్పుడు తెరచాపల మీద బొమ్మలు కనిపించాయి. ఒకదాని మీద నాగలి, ఒకదాని మీద చేప, ఇంకోదాని మీద ఎద్దు తల. నేను దివిసీమ వాణ్ని. నాగలి, చేప, ఎద్దు! నా పేరు పిలిచారట, నాకు వినపడలేదు.

బవేరియాకు సింహం, బ్రాండెన్‌బుర్గ్‌కు గద్ద, బెర్లిన్‌కు ఎలుగుబంటి. రాజులు ఏలినచోట గోళ్లూ కోరలూ ఉంటాయి. ఈ జిల్లా మాత్రం తను ఏం తిని బతికిందో అదే తన చిహ్నపు డాలు మీద వేసుకుంది. దున్నాం, పట్టాం, మేపాం, ఓడల మీద అమ్ముకున్నాం. 19వ శతాబ్దంలో ఇక్కడి టోనింగ్ రేవు నుంచి పశువులు ఇంగ్లండ్‌కు వెళ్లేవి. ఆ ఎద్దు తల ఊరికే రాలేదు.

ఓడలు ఐడర్‌ష్టెట్ ద్వీపకల్పం పాత గుర్తు. ఒకప్పుడు అది ఒక్క నేల కాదు, నీళ్లు విడదీసిన మూడు ముక్కలు: ఐడర్‌ష్టెట్, ఎవర్‌షోప్, ఉట్‌హోల్మ్. కరకట్టలు పోసి పోసి జనం వాటిని కలిపారు. 1970లో హూజుమ్, ఐడర్‌ష్టెట్, జ్యూడ్‌టోండర్న్ అనే మూడు జిల్లాలను ఒకటి చేశారు. అందుకే ఆ మూడు ఓడల్లో నాకు ఆ మూడు ముక్కలూ కనిపిస్తాయి, ఈ మూడు జిల్లాలూ కనిపిస్తాయి.

ఇంకో డాలు కూడా ఉంది, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. సగం గద్ద, కిరీటం, గంజి కుండ. అది జిల్లాది కాదు, ఈ తీరంలో తరతరాలుగా ఉంటున్న ఫ్రీసియన్ జనానిది. శత్రువుల మీద ఆడవాళ్లు వేడివేడి గంజి కుమ్మరించారని కథ. కింద వాళ్ల భాషలో మాట: 'లెవ్వర్ డుఆడ్ యూస్ స్లావ్'. బానిసగా బతికేకంటే చావే మేలు. ఆ భాష మాట్లాడేవాళ్లు ఇప్పుడు కొన్ని వేలమందే. అయినా రోడ్డు బోర్డుల మీద ఊరి పేరు రెండు భాషల్లోనూ ఉంటుంది. దీని గురించి గంట మాట్లాడగలను, కానీ ఇవాళ కాదు.

ఆ జెండా మీద లేని బొమ్మ గురించి చెప్పాలి. పార.

ఇక్కడ పాత కరకట్ట చట్టం ఒకటుండేది. కట్టలో నీ వాటా నువ్వే బాగు చేసుకోవాలి. చేతకాకపోతే, నీ పారను కట్టలో గుచ్చి వెళ్లిపోవాలి. ఆ పార పీకినవాడిదే నీ పొలం, ఆ కట్ట బాధ్యతా వాడిదే. 'కట్ట పోయనివాడు ఊరు వదలాలి' అని సామెత కూడా ఉంది.

1634 అక్టోబర్ 11 రాత్రి ఉప్పెన వచ్చింది. ష్ట్రాండ్ అనే పెద్ద దీవి ముక్కలైంది. ఆ ఒక్క దీవిలోనే 6,000 మందికి పైగా పోయారు. మిగిలిన ముక్కలే ఇవాళ్టి పెల్‌వోర్మ్, నోర్డ్‌ష్ట్రాండ్. పెల్‌వోర్మ్ వాళ్లు కొద్ది ఏళ్లలో కట్ట లేపుకున్నారు. నోర్డ్‌ష్ట్రాండ్ వాళ్లకు మనుషులు లేరు, డబ్బు లేదు. 1652లో ఈ సీమను ఏలే గోటోర్ఫ్ ప్రభువు మూడో ఫ్రీడ్రిష్ ఆ నేలను హాలండ్ నుంచి వచ్చిన పెట్టుబడిదారులకు రాసిచ్చాడు. ఉప్పెనలో బతికిబయటపడ్డవాళ్లు తమ పొలాల మీద హక్కు పోగొట్టుకున్నారు. బిడ్డలను ముంచిన సముద్రం ఒక పక్క, పొలం లాక్కున్న కాగితం ఒక పక్క. అమ్మా, ఒక్కసారి ఆలోచించండి, ఆ పారను గుచ్చిన చెయ్యి ఎలా వణికి ఉంటుందో!

ఇక్కడ దివి వాళ్లున్నారా? చేతులెత్తండి. ఇద్దరు... ముగ్గురు. మన దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబర్ 19 నాటికి నాకు ఆరేళ్లు. మా నాయనమ్మ నన్ను పైపంచెతో తాటిచెట్టుకు కట్టేసింది. తెల్లారేసరికి మా కాడి లేదు, వల లేదు, ఎడ్లు లేవు. అందుకే ఆ జెండా కింద నిలబడ్డ రోజున నేను చూసింది పరాయి జిల్లాను కాదు. మా ఇంట్లోంచి కొట్టుకుపోయిన సామానును చూశాను.

చిహ్నమంటే అలంకారమని తీసిపారేయకండి. మన సంఘానికి కూడా గుర్తు గీయిస్తున్నారని విన్నాను, అందులో ఈఫిల్ టవర్ లాంటి కట్టడమేదో పెడతారట. వద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. మీ అమ్మ చేతిలో రోజూ ఏముండేదో అది పెట్టండి. రోకలి కావచ్చు, చాట కావచ్చు, కొడవలి కావచ్చు.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఆ చేతులెత్తిన ముగ్గురూ భోజనాల దగ్గర నన్ను కలవండి. ఉప్పెనకు ముందు మన ఊళ్లలోని పడవ ఫొటో ఒక్కటైనా మీ ఇళ్లలో ఉందేమో అడగాలి. మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు.