కుంచె పక్కన పెట్టి ముఖం వేసినవాడు: అమోఆకో బోఆఫో

అందరికీ నమస్కారం. చిత్రకారుడు అమోఆకో బోఆఫో పేరు మీలో కొందరు వినే ఉంటారు. విన్నవాళ్లలో చాలామంది ఆ పేరుతో పాటు ఒక వేలం ధర కూడా విని ఉంటారు. ధర సంగతికి తర్వాత వస్తాను. ముందు అతని వేళ్ల సంగతి చెప్పనివ్వండి.

బోఆఫో 1984లో ఘనా రాజధాని అక్రాలో పుట్టాడు. తండ్రి చేపలు పట్టేవాడు, పిల్లవాడు చిన్నగా ఉండగానే చనిపోయాడు. తల్లి ఇతరుల ఇళ్లలో వంట చేసి ఇల్లు నడిపింది. కుర్రవాడికి బొమ్మలంటే ఇష్టమే, కానీ బొమ్మలు వేస్తే పొట్ట గడుస్తుందన్న నమ్మకం లేదు. కొన్నాళ్లు టెన్నిస్ ఆడి సంపాదించాడు. తల్లి పనిచేసే చోట ఒకాయన ఫీజు కడతానని ముందుకు రావడంతో ఘనాట్టా ఆర్ట్ కాలేజీలో చేరాడు. 2008లో చదువు పూర్తయింది. ఇవాళ పేరున్న ఓటిస్ క్వేకో, క్వేసీ బోచ్‌వే కూడా ఆ కాలేజీలో చదివినవాళ్లే. మనిషిని చూసి మనిషిలా వేయడంలో అక్కడివాళ్ల చెయ్యి బాగా తిరిగి ఉంటుంది.

2014లో ఆస్ట్రియా రాజధాని వియన్నా వెళ్లాడు. గుస్తావ్ క్లిమ్ట్, ఏగాన్ షీలే అనే పాత తరం పెద్ద చిత్రకారులు పనిచేసిన ఊరది. అక్కడి మ్యూజియం గోడల నిండా ముఖాలే, కానీ వాటిలో తనలాంటివాళ్లు ఎంతమంది? సునందా మెస్కీటా అనే చిత్రకారిణితో కలిసి 'వి డే' అనే వేదిక పెట్టాడు. నల్లవాళ్లకూ, తెల్లజాతివాళ్లు కాని ఇతర కళాకారులకూ పని చూపించుకునే చోటు అది. ఒక పక్క ఆ పని, ఇంకో పక్క వియన్నా ఫైన్ ఆర్ట్స్ అకాడమీలో చదువు.

షీలే గురించి ఒక్క మాట చెప్పాలి. 28 ఏళ్లకే 1918లో ఫ్లూతో పోయిన మనిషి. ఆయన గీతలో ఒక టెన్షన్ ఉంటుంది. చేతులు వంకర్లు తిరిగి ఉంటాయి, చర్మం కింద నరాలు పైకి తేలినట్టుంటాయి. ఆ గీత బోఆఫోని పట్టుకుంది. అయితే షీలేలా వేయాలని కూర్చుంటే మరో షీలే తయారవుతాడు, అంతే. బోఆఫో అలా చేయలేదు. ముఖం, చేతులు, ఒళ్లు వేసేటప్పుడు కుంచె పక్కన పెట్టి వేళ్లు రంగులో ముంచాడు.

పెయింటింగ్ చేసేవాళ్లకి ఇదెంత చిక్కో తెలుసు. వేలికి కుంచె మొనంత కచ్చితత్వం ఉండదు. గీత ఎక్కడ ఆగుతుందో పూర్తిగా మన చేతిలో ఉండదు. అదే అతనికి కావాల్సి వచ్చింది. గోధుమరంగు, పసుపుమన్ను రంగు, నీలం పక్కపక్కనే మెలికలు తిరుగుతాయి, ఒకదాంట్లో ఒకటి పూర్తిగా కలిసిపోవు. దగ్గరికి వెళ్తే వేలు జారిన దారి కనిపిస్తుంది, నాలుగడుగులు వెనక్కి వేస్తే చెంప కనిపిస్తుంది. మనం షాపులో కొనే రంగు ట్యూబుల్లో 'ఫ్లెష్ టింట్' అని ఒకటి వస్తుంది చూడండి, లేత గులాబీ రంగు. ఎవరి ఒంటి రంగండీ అది? నల్లని చర్మం ఏ ఒక్క ట్యూబులోనూ దొరకదని బోఆఫో బొమ్మ ముందు నిలబడితే వెంటనే అర్థమవుతుంది.

బట్టలు, వెనకాల గోడ మాత్రం కుంచెతోనే వేస్తాడు, అదీ చదునుగా, ఒకే రంగు పరిచినట్టు. అందుకే కదలికంతా చర్మంలోనే ఉంటుంది. తర్వాత గిఫ్టులు చుట్టే కాగితాల మీది డిజైన్లను కాన్వాస్ మీదికి దింపి చొక్కాలు, గౌన్లు చేయడం మొదలుపెట్టాడు. నా మట్టుకు నాకు వీటిలో కొన్ని కాస్త అలంకారంగా అనిపిస్తాయి. పువ్వుల గౌను కన్ను లాగేసుకుంటే ముఖానికి మిగిలేదేముంది? మీరు ఒప్పుకోనక్కర్లేదు.

ఇక డబ్బు. 2018లో అమెరికన్ చిత్రకారుడు కెహిండే వైలీ, అంటే ఒబామా చిత్రం వేసినాయన, ఇన్‌స్టాగ్రామ్‌లో బోఆఫో బొమ్మలు చూసి తనకు తెలిసిన గ్యాలరీలకు చెప్పాడు. 2019 మొదట్లో లాస్ ఏంజిలెస్‌లోని రాబర్ట్స్ ప్రాజెక్ట్స్‌లో ప్రదర్శన జరిగింది. ఏడాది తిరగ్గానే, 2020 ఫిబ్రవరిలో, 'ది లెమన్ బాతింగ్ సూట్' లండన్‌లో ఫిలిప్స్ వేలానికి వచ్చింది. అంచనా 30 నుంచి 50 వేల పౌండ్లు. పలికింది 6,75,000. బొమ్మ వేసి అప్పటికి సంవత్సరం మాత్రమే అయింది. 2021 డిసెంబరులో హాంకాంగ్‌లో 'హ్యాండ్స్ అప్' సుమారు 34 లక్షల డాలర్లకు పోయింది. వేలంలో పెరిగిన ధరలో సింహభాగం అమ్మినవాడిది, వేసినవాడిది కాదు. కొత్త చిత్రకారుడి బొమ్మ చవగ్గా కొని, గోడకు తగిలించకుండానే ఎక్కువ ధరకు మళ్లీ అమ్మేయడం ఒక వ్యాపారం. పశ్చిమ ఆఫ్రికా చిత్రకారుల మీద ఆ రెండు మూడేళ్లలో అది గట్టిగా నడిచింది. బోఆఫో తట్టుకున్నాడు. అందరూ తట్టుకుంటారని చెప్పలేం.

అదే 2021లో అతని బొమ్మలు రాకెట్ కూడా ఎక్కాయి. ఆగస్టులో బ్లూ ఆరిజిన్ అనే అంతరిక్ష కంపెనీ వాళ్ల న్యూ షెపర్డ్ రాకెట్ క్యాప్సూల్ పైభాగంలో మూడు పలకల మీద మూడు ముఖాలు వేశాడు: తనది, తన తల్లిది, స్నేహితుడు క్వేకో తల్లిది. భూమికి 100 కిలోమీటర్లు దాటి వెళ్లి వచ్చాయవి. కోటీశ్వరుల సరదా అని కొట్టిపారేయొచ్చు, నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఎక్కడికి పంపాలన్నది కంపెనీ ఇష్టమైతే, ఎవరి ముఖాలు పంపాలన్నది అతను తేల్చుకున్నాడు. పరాయి ఇళ్లలో వండిపెట్టిన అమ్మ ముఖాన్ని ఎంచుకున్నాడు.

2022 చివర్లో అక్రాలో 'డాట్ అటెలియేస్' తెరిచాడు. భవనానికి రూపకల్పన చేసింది డేవిడ్ అజాయే. కుర్ర కళాకారులు వచ్చి ఉండి పని చేసుకోవడానికి, చూపించుకోవడానికి అక్కడ వసతి ఉంది. బోఆఫోకి ఆ వయసులో వియన్నా దాకా వెళితే తప్ప దొరకనివి ఇవే. 2024లో వియన్నా బెల్వెడేర్ మ్యూజియంలో అతని చిత్రాలు క్లిమ్ట్, షీలే పక్కన వేలాడాయి. రెండు కబుర్లలో నాకు అక్రా కబురే పెద్దదనిపిస్తుంది.

ఇప్పుడు లైట్లు ఆర్పండి, స్లైడ్లు చూద్దాం. ధరలు ఏ స్లైడు మీదా వేయలేదు. ముందు వరసలో ఉన్నవాళ్లు చెంపల దగ్గర నీలం ఎక్కడ మొదలవుతుందో వెతకండి.