దూరపు గెలాక్సీలో ఎక్స్‌రే చుక్కకు అడ్రస్ ఎలా పట్టుకుంటారు?

[స్క్రీన్ మీద: నల్లటి తెర, అక్కడక్కడా మెరిసే చుక్కలు]

టెలిస్కోపును గంటల తరబడి ఒక గెలాక్సీ వైపే తిప్పి ఉంచినా, ఒక్కో చోటు నుంచి పట్టుమని పది ఎక్స్‌రే ఫోటాన్లే (కాంతి కణాలే) రావచ్చు. ఆ పదితోనే అక్కడ ఏదో ఉందని తేల్చాలి, సరిగ్గా ఎక్కడుందో కూడా చెప్పాలి. ఈ రెండో పనే అసలు తలనొప్పి.

ఎక్స్‌రేలను మన వాతావరణం మింగేస్తుంది కాబట్టి టెలిస్కోపు అంతరిక్షంలో ఉండాల్సిందే. అద్దానికి నేరుగా తగిలిన ఎక్స్‌రే వెనక్కి తిరగదు, లోపలికి దిగిపోతుంది. చెరువు మీద ఏటవాలుగా విసిరిన చిల్లపెంకులా, అద్దాన్ని రాసుకుంటూ పోతేనే పక్కకు మళ్లుతుంది.

[స్క్రీన్ మీద: ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టాల్లాంటి అద్దాలు]

1999లో నాసా పంపిన చంద్ర అబ్జర్వేటరీ అద్దాలు అందుకే ఇలా ఉంటాయి. (అవును, ఆ పేరు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌దే.) పది మీటర్ల అవతల ఉన్న సీసీడీ (కెమెరా సెన్సర్) మీద ఫోటాన్లు ఒక్కొక్కటిగా పడతాయి. ఏది ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది, ఎంత శక్తితో వచ్చింది అన్నీ నమోదవుతాయి. చుట్టుపక్కల సగటున పడేవాటి కంటే ఒకచోట బాగా ఎక్కువ కనిపిస్తే, అది కాకతాళీయం అయ్యే అవకాశమెంతో లెక్కగట్టి అప్పుడు నమ్ముతారు.

ఇక అడ్రస్. చంద్రను కావాలనే మెల్లగా ఊపుతుంటారు, ఒకే పిక్సెల్ లోపం కొలతను పాడుచేయకుండా. ఏ క్షణాన ఎటు చూస్తోందో పక్కనున్న చిన్న కెమెరా నక్షత్రాలను చూసి చెబుతుంది. దాన్నిబట్టి ప్రతి ఫోటాన్‌నూ దాని చోటికి సర్దుతారు. ఆపైన, స్థానం ముందే కచ్చితంగా తెలిసిన నక్షత్రాలు, క్వేజార్‌లతో (చాలా దూరాన విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రాలతో) పోల్చి మ్యాపు మొత్తాన్ని కాస్త జరుపుతారు. ఇంత చేసినా, చుక్క ఆ గెలాక్సీదేనని పూచీ లేదు! ఎంతో వెనకున్న క్వేజార్ కూడా కావచ్చు.

[స్క్రీన్ మీద: ఎం82 గెలాక్సీ, పక్కపక్కనే రెండు చుక్కలు]

ఎం82 మనకు సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. చంద్ర విడదీయగలిగే అర ఆర్క్ సెకను (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) అంటే అక్కడ దాదాపు 30 కాంతి సంవత్సరాలు. ఈ చుక్కల మధ్య ఎడం 5 ఆర్క్ సెకన్లే. 2014లో నూస్టార్ అనే మరో ఎక్స్‌రే టెలిస్కోపుకు ఇక్కడ 1.37 సెకన్లకోసారి వచ్చే స్పందన దొరికింది. కానీ దాని చూపుకి రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. ఏది కొట్టుకుంటోందో తేల్చడానికి చంద్ర డేటా కావాల్సి వచ్చింది. అది ఆ రెండిట్లో ఎక్స్-2 అని పిలిచే చుక్క. అంత కాంతి చూసి బ్లాక్‌హోల్ అనుకున్నది, ఆ క్రమమైన స్పందన వల్ల న్యూట్రాన్ తార (పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన అతి సాంద్రమైన గోళం) అని తేలింది. తర్వాత ఎన్‌జీసీ 7793, ఎన్‌జీసీ 5907 గెలాక్సీల్లోనూ ఇలాంటివి బయటపడ్డాయి.