సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా?

[దృశ్యం: పలాసలో ఒక ఇంటి వసారా. చాప మీద నోట్‌బుక్, పెన్సిల్, చిన్న గిన్నెలో జీడిపప్పు.]

టీచర్: నమస్కారం. శ్రీకాకుళం జిల్లా పలాసలో పిల్లలకు లెక్కలు చెబుతాను. ఒకసారికి ఒక్కరికే. "ఒక్కరినే కూర్చోబెట్టుకుని గంటసేపు ఏం చెబుతారు మేడం?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. నిజానికి ఆ గంటలో నేను చెప్పేది తక్కువ, వినేది ఎక్కువ.

[దృశ్యం: నోట్‌బుక్ పేజీ దగ్గరగా. 1/2 + 1/3 = 2/5]

ఆరో తరగతి పాప చేసిన లెక్క ఇది. 40 మంది ఉన్న క్లాసులో అయితే దీని మీద ఇంటూ పడుతుంది, సరైన జవాబు బోర్డు మీదకు వస్తుంది, పాప దించుకుంటుంది. టీచర్‌ను అనడానికీ లేదు, అంతమందిని విడివిడిగా అడిగే టైమ్ ఎక్కడుంది? తప్పు మాత్రం బుర్రలో అలాగే ఉండిపోతుంది.

నేను ఇంటూ పెట్టను. "ఇదెలా చేశావు తల్లీ?" అంటాను.

"పైవి రెండూ కలిపాను మేడం, కిందవి రెండూ కలిపాను."

తన మటుకు తనకు అది సబబే. ఇన్నాళ్లూ కూడిక అంటే అదే కదా!

[దృశ్యం: పాప చేతులు. 12 జీడిపప్పులు లెక్కపెట్టి వరుసగా పేరుస్తోంది.]

మా ఊళ్లో జీడిపప్పుకు కొదవ లేదు కాబట్టి దాంతోనే మొదలుపెడతాం. 12లో సగం ఎంత? 6. మొత్తం 12లో మూడో వంతు? పాప మూడు కుప్పలు పోసి చూసింది, 4. రెండూ కలిపితే 10. మరి నువ్వు రాసింది 5లో 2 వంతులు, అది సగం కన్నా ఎక్కువా, తక్కువా? "తక్కువ." సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా?

ఇక్కడ అందరం నోరు మూసుకోవాలి. పక్కన కూర్చున్న అమ్మకు ప్రాణం ఆగదు, జవాబు అందించేస్తుంది. అమ్మా, దయచేసి ఆగండి. అరనిమిషం మౌనం మనకు టెన్షన్‌గానే ఉంటుంది, కానీ పాప నిజంగా ఆలోచించేది అప్పుడే.

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ఒక వ్యాసం రాశారు. ఒక్కొక్కరికే విడిగా చెప్పినప్పుడు సగటు విద్యార్థి కూడా మామూలు క్లాసులోని 98 శాతం మందిని మించాడన్నది అందులో సారాంశం. తర్వాతి పరిశోధనల్లో అంత పెద్ద తేడా రాలేదు, మేలు జరుగుతుందని మాత్రం తేలింది. నా మట్టుకు నాకు ఆ మేలంతా "ఎలా చేశావు?" అన్న ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది.

మిగతాది మామూలే. మొదటి 5 నిమిషాలు పోయినసారి లెక్క ఒకటి, చివర్లో సొంతంగా మూడు నాలుగు. ఆన్‌లైన్‌లో చెప్పించుకుంటుంటే ఫోన్ కెమెరాను పిల్లల ముఖం మీదకు కాదు, నోట్‌బుక్ మీదకు తిప్పండి. పెన్సిల్ ఎక్కడ ఆగిందో టీచర్‌కు కనపడాలి.

[దృశ్యం: కొత్త లెక్క. 1/2 + 1/5]

ఈసారి నేనేమీ చెప్పలేదు. పాప 12 పప్పులూ మళ్లీ పేర్చింది. ఐదు సమానమైన కుప్పలు పోయబోతే కుదరలేదు. చాలాసేపు వాటివంకే చూసి, రెండు పప్పులు తీసి పక్కన పెట్టింది.

"మేడం, దీనికి 10 చాలు."

2తోనూ 5తోనూ శేషం లేకుండా భాగించగల అతి చిన్న సంఖ్యను కసాగు అంటారు. ఆ మాట ఇంకా మా ఇద్దరి మధ్యా రానేలేదు.

[దృశ్యం: పేజీ మీద పాప రాత. 5/10 + 2/10 = 7/10]