మూడు రాజధానులు చూసిన సత్తెనపల్లి ఎమ్మెల్యే

అందరికీ నమస్కారం. చెన్నై ఎగ్మోర్ ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వస్తారనుకోలేదు. మూడు రాజధానులు అనగానే ముందు వరసలో పెద్దలు నవ్వుతున్నారు. కంగారుపడకండి, ఈమధ్య గొడవ కాదు. ఒకే మనిషి, ఒకే ఊరి సీటు. మద్రాసు, కర్నూలు, హైదరాబాదు మూడు చోట్లా శాసనసభలో కూర్చున్నారు. వావిలాల గోపాలకృష్ణయ్య గారు.

1906లో సత్తెనపల్లిలో పుట్టారు. 1952, 1955, 1962, 1967లో అక్కడినుంచే గెలిచారు. 1957 ఏమైందని అడుగుతారేమో, ఆ ఏడు శాసనసభ ఎన్నికలు తెలంగాణలోనే జరిగాయి. ఆంధ్ర ప్రాంతంలో 1955లో గెలిచినవాళ్లే కొనసాగారు. అంటే ఇరవై ఏళ్లు తెరిపి లేకుండా ఎమ్మెల్యే.

మా అమ్మమ్మది సత్తెనపల్లి పక్క పల్లె. 1952లో మొదటిసారి ఓటు వేసింది. అప్పుడు చీటీ మీద ముద్ర కొట్టడం లేదు. గదిలో అభ్యర్థికో పెట్టె, దాని మీద గుర్తు. ఎవరి పెట్టెలో చీటీ వేస్తే ఓటు వాళ్లది. అమ్మమ్మ వేసిన చీటీ మడత సరిగా పడక కంతలో సగం బయటే నిలిచిపోయిందట. వేలితో లోపలికి తోసి, వంగి చూసుకుని, అప్పుడు బయటికొచ్చింది. తాతయ్య "ఎవరికేశావే?" అంటే "నీకెందుకు?" అందట.

ఆ ఓట్లతో వావిలాల వచ్చింది ఈ ఊరికే. సత్తెనపల్లిలో మీటర్ గేజ్ బండెక్కి గుంటూరు, అక్కడినుంచి మద్రాసు. అప్పటి సభ వాలాజా రోడ్డులో, ఇప్పుడు కలైవాణర్ అరంగం ఉన్నచోట. 375 మంది సభ్యులు. తమిళం, తెలుగు, మలయాళం, కన్నడం, అన్ని భాషలవాళ్లూ ఒకే కప్పు కింద. కాంగ్రెస్‌కు 152 సీట్లే, అయినా రాజాజీ ముఖ్యమంత్రి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మనవాళ్లు 140 మంది కర్నూలు వెళ్లారు. అక్కడ ఆఫీసులు డేరాల్లో నడిచాయి. మద్రాసు దక్కలేదన్న బాధ ఈ హాల్లో ఇంకా కొందరికి ఉంది. దాని జోలికి ఇవాళ పోను.

1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులు 196లో 15 సీట్లకు పడిపోయారు. వాళ్ల అండ ఉన్న వావిలాల మాత్రం ఆ గాలిలోనూ నిలబడ్డారు. తర్వాత రెండుసార్లూ ఇండిపెండెంటే. ఇండిపెండెంట్ చేతిలో ఏముంటుంది? మంత్రి పదవి రాదు. పంచాయతీరాజ్ వచ్చాక రోడ్డుకో బడికో డబ్బు కావాలంటే జనం పంచాయతీ సమితి ప్రెసిడెంటు గుమ్మమే తొక్కారు. ఎమ్మెల్యేకి మిగిలింది సభలో లేచి అడగడం, ఊరికొచ్చి జనాన్ని కూడగట్టడం.

ఆయన ఖద్దరు బట్టలు, భుజాన సంచి చూసి ఆంధ్రా గాంధీ అన్నారు. ఆ పేరు కిందపడి అసలు పని మరుగున పడిందని నా అభిప్రాయం. అసలు పని నీళ్లు. అప్పటి మద్రాసు ప్రభుత్వం కృష్ణా నీటిని పెన్నారుకు మళ్లించే పథకం పెట్టుకుంది. అది కాదు, నందికొండ దగ్గర ఆనకట్ట (ఇప్పటి నాగార్జునసాగర్) కట్టండని గుంటూరు, పల్నాడు పట్టుబట్టాయి. ముక్త్యాల జమీందారు, జనం రాజా అనే ఆయన, ముందు నడిచారు, వావిలాల ఊళ్లు కదిలించారు. 1952లో ఖోస్లా కమిటీ నందికొండకే మొగ్గింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. (1983 ఒప్పందంతో తెలుగు గంగ వచ్చి, చివరికి ఆ కృష్ణమ్మే మన చెన్నై కుళాయిల్లోకీ దిగింది. అది వేరే కథ.)

1974లో అధికార భాషా సంఘం పెడితే తొలి అధ్యక్షులు ఆయనే. 1992లో పద్మభూషణ్. 2003లో పోయారు.

నాలుగోసారి గెలిచిన 1967లోనే, ఆగస్టు 4న, ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మా చేలోకి రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. వచ్చిన రోజు అమ్మమ్మ పసుపు కుంకుమ పట్టుకుని పిల్లకాలువ గట్టు మీదికి వెళ్లింది. ముందు ఎర్రటి బురద, దాని వెనక ఎండుటాకులు, ఆ తర్వాత నీళ్లు. "పెట్టెలో చీటీ గట్టిగానే తోశాన్లే" అందట తాతయ్యతో. ఎవరి పెట్టెలోనో పదిహేనేళ్లకుపైగా దాచుకుని, ఆ రోజు చెప్పింది.