మూసిన బావి చెప్పే లెక్క

మిత్రులారా,

చమురు బావిని కొన్ని రోజులు మూయమంటే ఉత్పత్తి విభాగం వారు ముఖం చిట్లిస్తారు. ఆ రోజుల రాబడి పోతుంది మరి. అయినా అడుగున ఉన్న రాతి గుణాలను తెలుసుకోవాలంటే పారే బావికన్నా మూసిన బావే నమ్మదగిన సాక్షి అంటాను. పారుతున్నప్పుడు ప్రవాహం ఎంత స్థిరంగా ఉంచుదామన్నా హెచ్చుతగ్గులు తప్పవు, పీడనమూ దానితోపాటే ఊగుతుంది. మూశాక ప్రవాహం సున్నా. ఇక బావి అడుగున పీడనం పెరిగే తీరును చూడటమే మన పని.

ఈ పెరుగుదలను విశ్లేషించే పద్ధతిని చమురు రంగ ఇంజినీరు హార్నర్ 1951లో హేగ్ నగరంలో జరిగిన ప్రపంచ పెట్రోలియం మహాసభలో వివరించాడు. నిజానికి అమెరికా భూగర్భజల శాస్త్రవేత్త థైస్ 1935లోనే, ఉష్ణం ఘనపదార్థంలో వ్యాపించే సమీకరణాన్ని ఆసరా చేసుకుని, నీటి బావులకు ఇలాంటి లెక్క కట్టాడు. నేటికీ బోరుబావుల పంపింగ్ పరీక్షల్లో థైస్ సూత్రాన్ని వాడుతూనే ఉన్నారు. చమురు రంగం గర్వపడే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది!

హార్నర్ పద్ధతిలో, ఉత్పత్తి జరిగిన కాలానికి మూసిన కాలాన్ని కలిపి, ఆ మొత్తాన్ని మూసిన కాలంతో భాగించాలి. ఆ నిష్పత్తిని లాగరిథమ్ స్కేలుపై ఒకవైపు, పీడనాన్ని మరోవైపు గీస్తే మధ్యలో ఒక సరళరేఖ వస్తుంది. దాని వాలు తక్కువైతే చమురు ఆ రాతిలో తేలిగ్గా కదులుతుందన్నమాట. కొంతసేపటికి వాలు రెట్టింపైతే, దగ్గర్లో చమురును దాటనివ్వని భ్రంశం (రాతి పొరలు విరిగి జరిగిన చోటు) ఉందేమోనని అనుమానించాలి. తవ్వేటప్పుడు వాడిన డ్రిల్లింగ్ బురద బావి చుట్టూ రాతి రంధ్రాలను పూడ్చేసిందా అన్నదీ ఈ లెక్కలోనే బయటపడుతుంది. అలా పూడితే యాసిడ్‌తో శుభ్రం చేయవచ్చు. రాయే బిగుతుగా ఉంటే ఆ ఖర్చు దండగ.

చిక్కంతా ఆ సరళరేఖను గుర్తించడంలోనే. పైన కవాటం మూసినా అడుగున రాతి నుంచి చమురు కొంతసేపు బావిలోకి వస్తూనే ఉంటుంది. అప్పటి రీడింగులు ప్రధానంగా బావి గొట్టం స్వభావాన్నే చూపిస్తాయి. ఆ భాగంలోనూ స్కేలు పెడితే ఏదో ఒక గీత కుదురుతుంది, జవాబు మాత్రం తప్పు. 1983లో బూర్దే అనే పరిశోధకుడి బృందం, కాలపు లాగరిథమ్‌ను బట్టి పీడనం మారే వేగాన్నే గ్రాఫుగా గీయమంది. ఆ గ్రాఫులో రాతి ప్రవాహం మొదలైన చోట రేఖ చదునవుతుంది. అప్పటినుంచి కంటి అంచనాపై ఆధారపడటం బాగా తగ్గింది.

మరి ఎంతకాలం మూయాలి? పీడన ప్రభావం చేరే దూరం కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. రెండింతల దూరం చూడాలంటే నాలుగింతల కాలం ఆగాలి. ఈ అంచనాను కవాటం మూయకముందే వేసి, ఉత్పత్తి విభాగాన్ని ఒప్పించాలి. సగంలో తెరిచిన బావి వల్ల రాబడీ పోతుంది, సమాచారమూ దక్కదు.