న్యూయార్క్ క్రిస్మస్ చెట్టు కింద మా నాన్న

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి వచ్చి నెల దాటింది. చలికి భయపడి ఇల్లు, కిటికీ, టీవీ, అంతే అయిపోయింది వాళ్ళకి. అందుకే క్రిస్మస్‌కి ముందు శనివారం, 2024 డిసెంబర్ 21న, ఏదైతే అదయిందని న్యూయార్క్ బయల్దేరాం. మేముండేది పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. ఈ రోజుల్లో అక్కడికి కారు తీసుకెళ్తే పార్కింగ్ టెన్షన్. రైలెక్కితే సుమారు గంటలో పెన్ స్టేషన్. అమ్మకి థర్మల్స్ మీద చీర, దాని మీద కోటు, తలకి మంకీ క్యాప్. ఫ్లాస్కులో అల్లం టీ.

34వ వీధిలో మేసీస్ అనే పెద్ద షాపు అద్దాల షోకేసుల ముందు మావాడు కదలనన్నాడు. అక్కడ కాసేపు నిలబడి, నెమ్మదిగా సిక్స్త్ అవెన్యూ మీద నడుచుకుంటూ బ్రయంట్ పార్కుకి వెళ్ళాం. పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి: ఆ పార్కులో బాత్‌రూములు చాలా శుభ్రంగా ఉంటాయి. లోపల తాజా పూలు కూడా పెడతారు. లైను కదిలే దాకా ఓపిక పడితే చాలు. ఊరంతా తిరిగే రోజున ఇంతకంటే అవసరమైన సమాచారం ఉండదు.

బయటికి వచ్చాక బండి మీద కాలుస్తున్న చెస్ట్‌నట్‌లు కొన్నాం. పొట్టు వేళ్ళకి చురుక్కుమంది. అమ్మ ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని, "ఏమండీ, అచ్చం నిప్పుల్లో కాల్చిన పనస పిక్కే!" అంది. పొట్లం మొత్తం వాళ్ళిద్దరే ఖాళీ చేశారు.

పార్కు వెనకాలే పబ్లిక్ లైబ్రరీ. మెట్ల ముందు రెండు పాలరాతి సింహాల మెడలో పచ్చటి ఆకుల దండలు వేశారు. ఆ సింహాల పేర్లు ఓర్పు, ధైర్యం అని చెప్తే మావాడు ధైర్యం దగ్గరే ఫొటో కావాలన్నాడు. అక్కడి నుంచి ఫిఫ్త్ అవెన్యూ మీద జనం జనం. నాలుగున్నరకే చీకటి పడిపోయింది. పోలీసులు బారికేడ్లు పెట్టి మనుషుల్ని మళ్ళిస్తున్నారు. నేను మావాడి చెయ్యి, మావారు అమ్మ చెయ్యి వదల్లేదు.

రాక్‌ఫెల్లర్ సెంటర్ అనే భవనాల సముదాయం దగ్గర ఏటా నిలబెట్టే పెద్ద క్రిస్మస్ చెట్టు కనబడగానే నేను ఫోన్ తీశాను. నాన్న మాత్రం ఆగిపోయారు. మీలో కొందరికి తెలుసు, మా నాన్న ముప్పై ఏళ్ళు కలప అడితి నడిపారు. చెట్టుని ఆయన చూసే చూపే వేరు. చెయ్యి ముందుకి చాపి, ఒక కన్ను మూసి, చెట్టు మొదట్లో నిలబడ్డ సెక్యూరిటీ మనిషిని బొటనవేలికి కొలతగా పెట్టుకున్నారు. వేలిని ఒక్కొక్క మనిషి ఎత్తున పైకి జరుపుతూ పెదాలతో లెక్కపెట్టారు. "పన్నెండు మనుషులు. ఆరేసి అడుగులు వేసుకున్నా డెబ్బై రెండు" అన్నారు. నేను ఫోన్‌లో చూశాను. 74 అడుగులు!

ఆ చెట్టు నార్వే స్ప్రూస్, మన హిమాలయాల దేవదారుకి చుట్టం లాంటిది. మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్టాక్‌బ్రిడ్జ్ అనే ఊరి నుంచి తెచ్చారు. బరువు 11 టన్నులు. 50 వేల దీపాలు, వాటికి సుమారు 8 కిలోమీటర్ల వైరు. పైన ఉన్న నక్షత్రం ఒక్కటే 400 కిలోలు, దానికి 30 లక్షల క్రిస్టల్స్. ఇవన్నీ చెప్తుంటే నాన్న విన్నారు. విని, "పండగ అయ్యాక ఈ కర్రనేం చేస్తారమ్మా?" అని అడిగారు.

నాకు ఎంత సంతోషం వేసిందో! ఆ జవాబు నాకు తెలుసు. 2007 నుంచీ ఏటా ఇక్కడి చెట్టుని కోసి, పలకలు చేసి, పేదవాళ్ళకి ఇళ్ళు కట్టే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీకి ఇచ్చేస్తున్నారు. "టేకులా చేవ ఉండదు గానీ తేలిక కర్ర, నిటారుగా పెరిగింది. ఇక్కడి ఇళ్ళ ఫ్రేములకి పనికొస్తుంది" అన్నారు నాన్న. మా వీధిలో కడుతున్న ఇంటి వైపు ఆయన రోజూ కిటికీలోంచి ఎందుకు చూస్తారో అప్పుడు అర్థమైంది.

తర్వాత ఇంకో ఫొటో చూపించాను. 1931లో, పనులు దొరకని ఆ గడ్డు రోజుల్లో, ఈ భవనాలు కడుతున్న కూలీలు తలా కాస్త వేసుకుని 20 అడుగుల చెట్టు ఒకటి కొని ఇక్కడే నిలబెట్టారు. ఇళ్ళల్లో కట్టిన కాగితం దండలు, క్రాన్‌బెర్రీ పళ్ళ దండలు వేశారు. ఆ చెట్టు పక్కన జీతాల కోసం వరుసలో నిలబడ్డ మనుషుల ఫొటో అది. అధికారికంగా దీపాలు వెలిగించడం 1933లో మొదలైంది. నాన్న కళ్ళజోడు తుడుచుకుని ఆ ఫొటోని పెద్దది చేసి, ఒక్కొక్క మొహం చూశారు.

మా అడితిలో కోత మిషన్ మీద పనిచేసిన పెద్దాయన ఒకరు ఉండేవారు. ప్రతి క్రిస్మస్‌కీ వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, ఎర్ర కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి షెడ్డు ముందు వేలాడదీసేవారు. చిన్నప్పుడు మైదా జిగురు గిన్నె నేనే పట్టుకునేదాన్ని. ఆ సాయంత్రమే నాన్న అందరికీ జీతాలిచ్చి, ఆయన చేతిలో పండగ ఖర్చుకి కొంత ఎక్కువ పెట్టేవారు. ఇప్పటికీ ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారు.

తర్వాత సెయింట్ పాట్రిక్స్ కెతీడ్రల్ అనే పెద్ద చర్చిలోకి వెళ్ళాం. ఏటా మాకు కేకు పంపే పక్కింటి ఆంటీ పేరు మీద అమ్మ ఒక కొవ్వొత్తి వెలిగించింది. అప్పటికి అమ్మకి మోకాళ్ళ నొప్పి మొదలైంది, ఇక తిరుగు రైలెక్కేశాం. మావాడు తాతయ్య ఒళ్ళో నిద్రపోయాడు.

రైల్లోనే నాన్న చెట్టు ఫొటో ఆ పెద్దాయనకి వాట్సాప్‌లో పంపించారు. ఎడిసన్‌లో దిగుతుండగా ఫోన్ మోగింది. అక్కడ అప్పుడే తెల్లారింది. స్పీకర్‌లో గొంతు వినబడింది, "అయ్యగారూ, బాగున్నారా? చెట్టు చాలా బాగుందండీ. ఏం కర్ర అది?"

ప్లాట్‌ఫాం మీద ఆ చలిలోనే నిలబడి నాన్న చెప్పడం మొదలుపెట్టారు.