ఇంటు కొట్టే ముందు

(నల్లగొండ జిల్లాలో ఐదు, ఆరు, ఏడు తరగతులకు చెప్పే ఉపాధ్యాయుల స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్ల కూటమి) సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందు బోర్డు మీద ఒక లెక్క వేస్తున్నాను. మన నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఇవాళ 534 అడుగులు ఉందనుకుందాం. నిండాలంటే ఇంకా ఎన్ని అడుగులు రావాలి? ఐదో తరగతికి ఈ లెక్క ఇస్తే 56 అని రాసేవాళ్లు ఉంటారు. 64 అని, 66 అని, 60 అని రాసేవాళ్లూ ఉంటారు. మనం ఒకదానికి రైటు పెట్టి, మూడింటికి ఇంటు కొడతాం. మూడు ఇంట్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పిల్లల తలలో జరిగింది మాత్రం మూడు వేర్వేరు పనులు.

64 రాసిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, లెక్క చేసుకుంటూ పైకి చెప్పమనండి. "సున్నల నుంచి నాలుగు పోదు సార్, నాలుగుల నుంచి సున్న పోతది" అంటుంది. పైన ఏదుంది, కింద ఏదుంది అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసింది. ఆ పిల్లకు ఒక్కో నిలువు వరుస ఒక్కో చిన్న లెక్క. 590 అంతా కలిపి ఒక సంఖ్య అనే చూపు ఇంకా రాలేదు. 66 రాసినవాడు పది అప్పు తెచ్చుకున్నాడు, పదిలోంచి నాలుగు తీసి ఆరు వేశాడు, పక్కనున్న తొమ్మిదిని ఎనిమిది చేయడం మరిచిపోయాడు. వాడికి పద్ధతి తెలుసు, ఒక మెట్టు జారింది. 60 రాసినవాడి ఆలోచన వేరు. సున్నా అంటే ఏమీ లేదు, ఏమీ లేనిదాంట్లోంచి ఏం తీసినా మిగిలేది ఏమీ లేదు.

ముగ్గురికీ కలిపి మనం తీసివేత మళ్లీ మొదటి నుంచి బోర్డు మీద చెబుతాం. ఆ చెప్పింది ఎంతో కొంత పనికొచ్చేది 66 రాసినవాడికే. వాడికి కూడా నిజంగా కావాల్సింది ఒక్కటే: అప్పు తెచ్చుకోగానే, జవాబు వేయకముందే, తొమ్మిదిని కొట్టేసి పైన 8 రాసే అలవాటు. వారం రోజులు రోజుకు రెండు లెక్కలు ఇస్తే కుదురుకుంటుంది. 64 రాసిన పిల్లకు గోడ మీద సుద్దతో నిలువు గీత గీసి కింద 530, పైన 590 వేయండి. 534 దగ్గర వేలు పెట్టమనండి. 540కి ఆరు, అక్కడి నుంచి 590కి యాభై. కిరాణా దుకాణంలో చిల్లర లెక్కగట్టి ఇచ్చే పద్ధతి ఇదే, పిల్లలకు తెలియనిది కాదు. 60 రాసినవాడికి పుల్లలు కావాలి. చీపురు పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి తొమ్మిది కట్టలు చేతికివ్వండి, విడి పుల్లలు ఇవ్వకండి. నాలుగు పుల్లలు తీసిమ్మనండి. కట్ట విప్పకుండా ఇవ్వలేడు. విప్పాక మిగిలినవి చూపించి, ఇప్పుడు నోటుబుక్కులో ఎలా రాస్తావని అడగండి. పుల్లలకూ రాతకూ మధ్య ఈ ప్రశ్న లేకపోతే పుల్లలు ఆటవస్తువులుగానే మిగిలిపోతాయి. చాలా బళ్లలో జరిగేది అదే.

సున్నాలు రెండు వరసగా వచ్చినప్పుడు ఇంకో చిక్కు ఉంది. 500లోంచి 268 తీయమంటే 242 అని వస్తుంది. ఐదును నాలుగు చేసి, రెండు సున్నాల పక్కనా చెరో ఒకటి పెట్టి రెండింటినీ పది చేసేస్తారు. వంద ఒక్కటే విడగొట్టి, పదుల దగ్గర ఒక వందను, ఒకట్ల దగ్గర ఇంకో పదిని పుట్టించారన్నమాట. అట్ట ముక్కలతో నోట్లు చేసి ఇవ్వండి. అయిదువందల నోటును నాలుగు వందలు, తొమ్మిది పదులు, పది రూపాయి బిళ్లలుగా మార్చమనండి. తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ తెలుస్తుంది. జవాబు 232.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. ముప్పై అయిదు మంది పిల్లలు, ఒక్కొక్కరు అయిదు లెక్కలు చేస్తే నూట డెబ్బై అయిదు లెక్కలు. ఇంత వివరంగా ఎప్పుడు చూడాలి? అన్నీ చూడొద్దు. మూడు లెక్కలే ఇవ్వండి, కానీ ఏరి ఇవ్వండి: ఒకటి సులువుది, ఒకటి అప్పు అవసరమైనది, ఒకటి సున్నా ఉన్నది. దిద్దేటప్పుడు నోటుబుక్కులను మూడు దొంతరలుగా పెట్టండి. అన్నీ సరిగ్గా ఉన్నవి ఒకటి. ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ వచ్చినవి రెండోది. ఒక్కోచోట ఒక్కోలా తప్పినవి మూడోది. మూడో దొంతర చాలామటుకు ఎక్కాలు తడబడటం, తొందరపాటు, ఎదుటి అంకె తప్పు ఎక్కించుకోవడం. మర్నాడు పది నిమిషాలు రెండో దొంతర పిల్లలతో. ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఉంటారు. మిగతావాళ్లు ఆ సమయంలో ఖాళీగా ఉంటే గోల మొదలవుతుంది, మీ పది నిమిషాలూ దానికే పోతాయి. కాబట్టి ముందే బోర్డు మీద ఒక జవాబు రాసి, ఈ జవాబు వచ్చే లెక్కలు మీరే మూడు తయారు చేయండని చెప్పండి. బాగా వచ్చిన పిల్లలకు కూడా అది చేతినిండా పని.

విద్యాహక్కు చట్టం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220 అంటుంది. రెండో దొంతరకు రోజుకు పది నిమిషాలే అయినా, 200 రోజులంటే ఏడాదికి ముప్పై మూడు గంటల ఇరవై నిమిషాలు.

నోటుబుక్కుల గురించి రెండు మాటలు. లెక్కల నోటుబుక్కు దగ్గర రబ్బరు వద్దు. తుడిచేస్తే మనకు కావాల్సిన ఆనవాలే పోతుంది. తప్పనిపిస్తే ఒక్క అడ్డగీత గీసి పక్కన మళ్లీ చేయమనండి, కుడివైపు అంచున మూడు వేళ్ల వెడల్పు చిత్తుపనికి వదలమనండి. రెండోది, తప్పు చేసినవాళ్లు లేచి నిలబడండి అనే అలవాటు. ఇది మానాలని గట్టిగా చెబుతున్నాను. నిలబెట్టిన మర్నాటి నుంచి పక్కవాడి నోటుబుక్కు చూసి రాస్తారు. నోటుబుక్కులో తప్పు మాయమవుతుంది, తలలో అలాగే ఉంటుంది, ఇక మీకు కనపడదు. పేరు చెప్పకుండా 64 అని బోర్డు మీద వేసి, "ఇట్ల రాసినవాళ్లు ఏమనుకుని రాసుంటరు?" అని అడిగి చూడండి. రాసిన పిల్లే ముందు చెయ్యెత్తుతుంది.

ఇక దశాంశాలు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. పిల్లలు తెలివితక్కువగా కాదు, తెలివిగా తప్పు చేసే చోటు ఇది.

జూరాల ప్రాజెక్టు పూర్తి సామర్థ్యం 9.657 టీఎంసీలు. 9.657 పెద్దదా, 9.7 పెద్దదా అని ఆరో తరగతిలో అడగండి. 9.657 పెద్దదంటారు, ఏడు కంటే ఆరువందల యాభై ఏడు పెద్దది కదా అని. మనలో కొందరం దీనికి ఒక చిట్కా చెబుతాం, చుక్క తర్వాత అంకెలు ఎక్కువుంటే అది చిన్నది అని. ఈ లెక్కకు ఆ చిట్కాతో సరైన జవాబే వస్తుంది, మనం రైటు పెడతాం. అదే పిల్లకు 3.25, 3.2 ఇచ్చి చూడండి, 3.2 పెద్దదంటుంది. అందుకే ఒక్క జతతో పరీక్షించొద్దు. పొడవు ఎక్కువున్నది పెద్దదయ్యే జత ఒకటి, చిన్నదయ్యే జత ఒకటి, రెండూ ఇవ్వాలి.

అసలు ఈ గందరగోళం ఎక్కడ మొదలవుతుంది? పిల్లలు చుక్కను బడికి రాకముందే చూశారు. ఇంట్లో భూమి లెక్కలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. 2.39 తర్వాత వచ్చేది 3. అన్న వాటాకు 1.25, తమ్ముడి వాటాకు 1.25 వస్తే ఇద్దరిదీ కలిపి 3.10, అంటే మూడెకరాల పది గుంటలు. ఇంట్లో ఈ మాటలు వింటూ పెరిగిన పిల్లాడు బళ్లో 1.25, 1.25 కలిపి 3.10 రాస్తే మనం ఇంటు కొడతాం. వాడి నాన్న కూడినా అంతే వస్తుంది, సర్వేయరు కూడినా అంతే వస్తుంది. క్రికెట్‌లో 4.3 ఓవర్లంటే నాలుగున్నర ఓవర్లు, 4.5 తర్వాతి బంతితో అయిదు ఓవర్లు. గడియారంలో 2.30 అంటే రెండున్నర. పాపం, ఎక్కడ చూసినా చుక్క ఒకటే, చుక్క వెనకున్న కట్ట వేరు.

కాబట్టి దశాంశాల పాఠం మొదలుపెట్టే రోజే గోడకు ఒక చార్టు పెట్టండి. భూమి, ఓవర్లు, గడియారం, రూపాయలు, దశాంశం అని అయిదు గడులు. ఒక్కో గడి కింద "ఎన్ని అయితే ఒకటి?" అన్న ప్రశ్నకు జవాబు: నలభై గుంటలు, ఆరు బంతులు, అరవై నిమిషాలు, వంద పైసలు. దశాంశం గడిలో చుక్క తర్వాతి మొదటి స్థానానికి పది, రెండో స్థానం దాకా చూస్తే వంద. పిల్లలు ఇళ్ల నుంచి పాత పహాణీ (భూమి రికార్డు) నకలు తెస్తే ఇంకా మంచిది, పేర్లున్న భాగం మడిచి వాడండి. అప్పుడు 3.10 రాసినవాడికి "తప్పు" అనం, "నువ్వు గుంటల లెక్క చేసినవు, ఇది పదుల లెక్క" అంటాం. వాడికి తెలిసింది చెడకుండా కొత్తది పక్కన చేరుతుంది.

కూడికకు మధ్యాహ్న భోజనం కంటే మంచి లెక్క లేదు. బియ్యం ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాములు, పై తరగతులకు 150. కింది తరగతుల్లో 28 మంది, పై తరగతుల్లో 17 మంది హాజరైతే 2.8 కిలోలు, 2.55 కిలోలు. ఈ రెండింటినీ కూడమంటే 2.83 అని ఒకరు, 4.63 అని ఒకరు రాస్తారు. మొదటివారు అంకెలను కుడివైపు వరస కలిపి కూడారు. రెండోవారు చుక్కకు అటు ఒక లెక్క, ఇటు ఒక లెక్క చేశారు, ఎనిమిదీ యాభై అయిదూ అరవై మూడు అని. జవాబు 5.35, అయిదు కిలోల మూడు వందల యాభై గ్రాములు. 2.83 రాసినవారిని, పై తరగతుల వాళ్లకే 2.55 కావాలి కదా, మిగిలిన 280 గ్రాముల్లో ఇరవై ఎనిమిది మంది తింటారా అని అడిగితే వాళ్లే దిద్దుకుంటారు.

భాగహారంలో ఒక్కటే చెబుతాను. 612ను 6తో భాగిస్తే 12 అని వస్తుంది. ఒకటిలో ఆరు పోదని రెండును దించుకుంటారు, భాగఫలంలో సున్నా వేయరు. భాగించకముందే "నూరార్లు ఎంత?" అని అడగండి. ఆరువందలని తెలిసిన పిల్ల 12 దగ్గర ఆగదు.

చదవడం దగ్గర మన లిపి మంచితనమే మనల్ని మోసం చేస్తుంది. గుణింతాలు, ఒత్తులు వచ్చిన పిల్ల ఏ పేజీ అయినా గడగడా చదివేస్తుంది. చదువుతోంది కదా అని మనం ముందుకు పోతాం. ఒక వాక్యం చెబుతాను: "చిమ్మడు గొట్టెల్లో తుబ్బడాలు లొరికాడు." చిమ్మడు ఎక్కడ లొరికాడు? గొట్టెల్లో. ఏం లొరికాడు? తుబ్బడాలు. అర్థం లేని మాటలు అవి, అయినా మీరందరూ సరైన జవాబే ఇచ్చారు. పాఠం వెనక ప్రశ్నలకు చాలామంది పిల్లలు ఇలాగే రాస్తారు. ప్రశ్నలోని మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం ఎక్కిస్తారు. ఎనిమిది వాక్యాలు చదివించి, పుస్తకం మూయించి, ఏం జరిగిందో సొంత మాటల్లో చెప్పమనండి. రోజుకు ముగ్గురు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ముప్పై అయిదు మందిని పన్నెండు రోజుల్లో ఒక చుట్టు వినవచ్చు.

ఆ చెప్పేటప్పుడు "వచ్చిండు, పోయిండ్రు" అంటే ఆపొద్దు. రాతలో కూడా దాన్ని తప్పుల లెక్కలో కలపొద్దు. పుస్తకంలో "వచ్చాడు" అని ఉంటుందని పక్కన చూపిస్తే చాలు. తండాల నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో లంబాడీ, బళ్లో తెలుగు, ఇప్పుడు లెక్కల్లో ఇంగ్లీషు. రెండు భాషల పుస్తకాలు ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి కాబట్టి, లెక్క ముందు తెలుగు పేజీలో చదివించి, సొంత మాటల్లో, అవసరమైతే లంబాడీలోనే, పక్క పిల్లకు చెప్పమనండి. అప్పుడు ఇంగ్లీషు పేజీకి రండి. ఇది చేయకపోతే పిల్లలు ఒక్క మాట పట్టుకుని లెక్క చేస్తారు. "ఒక సంచిలో 48 బత్తాయిలున్నాయి, రెండు సంచుల్లో కలిపి మొత్తం 110. రెండో సంచిలో ఎన్ని?" అంటే, "మొత్తం" కనపడింది కదా అని కలిపి 158 రాస్తారు.

పత్తి ఏరే నెలల్లో, వలసలప్పుడు బడి మానిన పిల్లలు తిరిగొచ్చిన రోజు పాత నోట్సు మొత్తం ఎక్కించమనడం వల్ల వేళ్లు నొప్పులు తప్ప ఏమీ రాదు. ఒక తీసివేత, ఒక భాగహారం, ఆరు వాక్యాలు చదవడం. ఈ మూడు చూసి, ఆ పిల్లను ఏ దొంతరలో కూర్చోబెట్టాలో ఆ రోజే తేల్చండి.

మీరందరూ అయిదేసి నోటుబుక్కులు తెచ్చారు. పిల్లల పేర్లు కనపడకుండా అట్ట వెనక్కి మడవండి. నలుగురు నలుగురు కూర్చోండి. ఎర్రపెన్నులు సంచుల్లోనే ఉంచి, ఇరవై నోటుబుక్కులను మూడు దొంతరలుగా పెట్టండి. రెండో దొంతరలో ఉన్న ఒక్కో తప్పు పక్కన, పిల్ల ఏమనుకుని అలా రాసి ఉంటుందో ఒక్క వాక్యంలో పెన్సిల్‌తో రాయండి. ఇరవై నిమిషాలు. ఏమనుకుందో అంతుచిక్కని లెక్కలుంటే పక్కన పెట్టండి, వాటిని బోర్డు మీద వేసుకుని అందరం కలిసి చూద్దాం.